మొక్కు తీర్చకపోతే దేవుడు పగబడతాడా? బ్రహ్మంగారి మఠం నుండి ఒక మాట

వెనకాల గాలి శబ్దం వస్తుంటే ఏమనుకోకండి. ఈరోజు స్టూడియోలో లేను. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోవద్దు, మా ఇంటి మిద్దె మీద రూమే అది. ఈరోజు మాత్రం బ్రహ్మంగారి మఠంలో ఉన్నా. దర్శనం అయిపోయింది, బయట ఒక చెట్టు కింద కూర్చొని, ఫోన్ ఒక రాయికి ఆనించి మాట్లాడుతున్నా. మధ్యలో ఏ మేకపిల్లో ఫ్రేములోకి వస్తే అది కూడా గెస్టే అనుకోండి.

టాపిక్ ఏంటంటే, భక్తి, గిల్ట్, సిగ్గు. ఈ మూడూ మన మనసును ఏం చేస్తాయి? భక్తి ఉంటే మనశ్శాంతి ఉంటుందంటారు కదా. మరి అదే భక్తి కొంతమందికి నిద్ర లేకుండా ఎందుకు చేస్తుంది? పోయిన ఎపిసోడ్ కింద వచ్చిన మెసేజుల్లో మూడు నన్ను వదల్లేదు. పేర్లు చెప్పను.

ఒకటి, ఒక చెల్లెలు రాసింది. నెలసరిలో ఉన్నప్పుడు తెలియకుండా గుళ్ళోకి వెళ్ళిందట. వారం తర్వాత వాళ్ళ నాయనకు గుండెనొప్పి వచ్చింది. 'అన్నా, నా వల్లే కదా?' అని అడిగింది. రెండోది, ఇంటర్ చదివే తమ్ముడు. దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుంటే చాలు, బూతు ఆలోచనలు వస్తాయంట. లెంపలేసుకుంటాడు, మళ్ళీ వస్తాయి, మళ్ళీ లెంపలేసుకుంటాడు. రోజుకు గంట, గంటన్నర ఇదే పని. మూడోది ఒకే ఒక లైను: 'మొక్కు తీర్చకపోతే దేవుడు పగబడతాడా?'

మూడో ప్రశ్న చూసి ఫోన్ పక్కన పెట్టేశా. ఎందుకంటే అది నా ప్రశ్న. రెండేళ్ళ కిందట నేనే రాసినట్టు ఉంది. అందుకే జవాబు చెప్పడానికి ఇక్కడికి వచ్చా.

నా కథ ముందు చెప్తా. మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె. 2015లో నేను ఎంసెట్ రాసేటప్పుడు మా జేజి ఒక మొక్కు మొక్కింది. 'సామీ, వానికి మంచి సీటొస్తే మైదుకూరు కాడ్నుంచి నడిపిచ్చుకోని వస్తా, నలుగురికి అన్నం పెడతా' అని. పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టి దేవుని గూట్లో పెట్టింది. సీటు వచ్చింది. కంప్యూటర్ సైన్సే. ఇంట్లో పండగే పండగ.

మొక్కు ఎప్పుడు తీర్చాలి? మొదటి సంవత్సరం సెలవుల్లో అనుకున్నాం, ఎండలు. రెండో ఏడు నాకే నామోషి అనిపించింది. క్లాస్‌మేట్లు చూస్తే ఏమనుకుంటారు, పంచె కట్టుకోని రోడ్డు మీద నడుచుకుంటూ పోతే ఎవరైనా ఫోటో తీసి గ్రూపులో పెడితే? 'వచ్చే ఏడు పోదాంలే జేజీ' అన్నా. ఆమె ఏమీ అనలేదు. 'నీ ఇష్టం నాయనా, సామి యాడికీ పోడులే' అని నవ్వింది. 2019లో ఉద్యోగం వచ్చింది, బెంగళూరు పోయినా. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు, 2020 వచ్చింది.

2021 మే నెలలో జేజి చనిపోయింది. సెకండ్ వేవ్. ఆ వారం నాకు కూడా పాజిటివే, బెంగళూరు రూములో ఒక్కడినే ఉన్నా. ఆఖరిసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఆయాసపడుతూనే చెప్పింది: 'నువ్వు రావద్దు నాయనా. రోగం తగ్గినాంక వద్దువులే.' మా నాయన అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూపించాడు. నెట్ రెండుసార్లు కట్ అయింది. మూడోసారి కలిసేసరికి అయిపోయింది.

2023లో నా ఉద్యోగం పోయింది. ఒక మీటింగ్ పిలిచారు, పదిహేను నిమిషాలు. అంతే. నాతో పాటు చాలామందివి పోయాయి. టీం మొత్తం తీసేశారు. అంటే నా పనికీ దానికీ పెద్ద సంబంధం లేదు. లాజిక్‌గా నాకు తెలుసు అది. కానీ ఆ రాత్రి బుర్రలో తిరిగింది లాజిక్ కాదు, పసుపు గుడ్డ. మొక్కు తీర్చలేదు. జేజిని ఆఖరికి చూడలేదు. అందుకే ఇట్లా అయింది.

ఇంట్లో చెప్పలేదు. ఐదు నెలలు చెప్పలేదు. పొద్దున ఫోన్ చేస్తే 'మీటింగ్‌లో ఉన్నామ్మా' అనేవాడిని. దాచుకున్న డబ్బుల్లోంచే నెలనెలా ఇంటికి పంపేవాణ్ణి. దేవుడి పటం తిప్పి గోడవైపు పెట్టేశా, కళ్ళలోకి చూడలేక. ఒకసారి, దాచకుండా చెప్తున్నా, నేను లేకపోతే వీళ్ళందరికీ బాగుంటుందేమో అనే ఆలోచన కూడా వచ్చింది. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఏం చేయాలో చివర్లో చెప్తా, తప్పకుండా వినండి.

ఇక్కడ ఒక్క నిమిషం కథ ఆపుతా. అప్పుడు నాకు తెలియనిది, తర్వాత చదివి తెలుసుకున్నది ఒకటుంది. గిల్ట్, సిగ్గు రెండూ ఒకటే అనుకుంటాం. కానీ సైకాలజీలో వీటిని వేరుగా చూస్తారు. హెలెన్ బ్లాక్ లూయిస్ అనే ఆమె 1971లోనే దీని మీద పుస్తకం రాసింది. తర్వాత జూన్ టాంగ్నీ, రోండా డియరింగ్ అనే ఇద్దరు 2002లో ఇంకో పుస్తకం రాశారు. సంగతి సింపుల్. గిల్ట్ అంటే 'నేను ఒక తప్పు పని చేశాను'. సిగ్గు అంటే 'నేనే తప్పుడు మనిషిని'. మొదటిదాంట్లో తప్పు ఉండేది పనిలో. రెండోదాంట్లో మనిషి మొత్తం తప్పే.

నా భాషలో చెప్పాలంటే, గిల్ట్ అనేది ఒక బగ్ టికెట్. ఫలానా లైన్‌లో ఫలానా తప్పు ఉంది, సరిచెయ్, టెస్ట్ చెయ్, టికెట్ క్లోజ్. సిగ్గు అనేది 'ఈ ప్రాజెక్టే దండగ, సర్వర్ తీసి బయట పడేయండి' అనడం. దాన్ని ఎట్లా ఫిక్స్ చేస్తారు? చేయలేరు. అందుకే దాచిపెడతాం.

టాంగ్నీ వాళ్ళ పరిశోధనల్లో తేలింది కూడా ఇదే. గిల్ట్ ఎక్కువగా పడేవాళ్ళు ఎదుటివాళ్ళ బాధను పట్టించుకుంటారు, క్షమాపణ చెప్తారు, సరిదిద్దుతారు. సిగ్గులో మునిగేవాళ్ళు దాక్కుంటారు, లేదంటే ఎదుటివాళ్ళ మీద కోపం తెచ్చుకుంటారు. డిప్రెషన్‌తో దగ్గరి సంబంధం కనిపించింది సిగ్గుకే. మీ ఊర్లో చూడండి, పరువు పోయిందని ఒక మనిషి ఇంట్లో అందరి మీదా అరుస్తుంటాడు. అది కోపంలా కనిపిస్తుంది, లోపల ఉండేది సిగ్గు.

మన పద్ధతుల్లో గిల్ట్‌కు దారులు బాగానే ఉన్నాయి. తప్పు చేస్తే లెంపలేసుకుంటాం. చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం, అయిపోయింది, ఆడుకోడానికి పోతాం. ఆ పుస్తకాన్ని తొక్కినానని ఎవరైనా పదేళ్ళు ఏడుస్తారా? లేదు. మొక్కు, ముడుపు, ప్రాయశ్చిత్తం, ఉపవాసం, ఇవన్నీ ఒక రకంగా టికెట్ క్లోజ్ చేసే పద్ధతులే. మసీదులో తౌబా ఉంది, చర్చిలో ఒప్పుకోలు ఉంది. తప్పుకు ఒక మొదలు, ఒక చివర ఉంటాయి.

సమస్య ఎక్కడొస్తుందంటే, ఆ చివర రానివ్వకుండా ఎవరో ఒకరు ఆపినప్పుడు. బంధువులు ఆపొచ్చు, మన బుర్రే ఆపొచ్చు, డబ్బుల కోసం ఎవరైనా ఆపొచ్చు. 'నీ జాతకంలో దోషం ఉంది, ఇంకో పూజ చేయాలి, ఇంకో ఇరవై వేలు' అని ఫోన్‌లో చెప్పేవాడికి మీ గిల్ట్ తీరిపోతే నష్టం. కాబట్టి అది తీరనివ్వడు. మిమ్మల్ని ఎవరైనా భయపెడుతుంటే ఒక ప్రశ్న వేసుకోండి: నేను భయపడితే ఇతనికి ఏం వస్తుంది?

ఈ ప్రశ్న నన్ను కూడా అడగొచ్చు మీరు. అడగాలి కూడా. ఈ ఛానెల్ మొదలుపెట్టిన కొత్తలో నేను ఒక వీడియో చేశా. కాలజ్ఞానం మీద. థంబ్‌నెయిల్‌లో మంటలు, ఎర్ర అక్షరాలు, లోకం అయిపోతుందన్నట్టు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఏది నిజమో ఏది కల్పించిందో తెలియకుండా కాలజ్ఞానం పేరుతో వాట్సాప్‌లో ఎన్ని ఫార్వర్డులు తిరిగాయో గుర్తుంది కదా, ఆ భయాన్నే నేనూ వాడుకున్నా. నా వీడియోలన్నిటిలోకీ దానికే ఎక్కువ వ్యూస్. తర్వాత తెలిసింది, మా చిన్నమ్మ ఆ వీడియో చూసి రెండు రాత్రులు నిద్రపోలేదని. నా గొంతు కాబట్టి నిజమని నమ్మిందట. అది తప్పు. నా తప్పే, దానికి సాకు లేదు. వీడియో తీసేశా, తప్పయిందని ఇంకో వీడియో పెట్టా, చిన్నమ్మ ఇంటికి పోయి చెప్పొచ్చా. వ్యూస్ పడిపోయాయి. కానీ ఆ టికెట్ క్లోజ్ అయింది. ఆ గిల్ట్ నాకు మంచే చేసింది. కాబట్టి గిల్ట్ మొత్తం చెడ్డది, తీసి పారేయండి అని నేను చెప్పను. గిల్ట్ అసలు లేని మనిషి పక్కన నేనైతే ఉండలేను.

సరే, బ్రహ్మంగారి దగ్గరికి వద్దాం. చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు కాబట్టి రెండు మాటలు. పోతులూరి వీరబ్రహ్మేంద్ర స్వామి. 1608లో పుట్టారని, 1693లో వైశాఖ శుద్ధ దశమి నాడు ఇక్కడే జీవసమాధి అయ్యారని సంప్రదాయంగా చెప్తారు. ఈ ఊరి అసలు పేరు కందిమల్లయపల్లె. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట్లో పశువులు కాశారు, రవ్వలకొండలో కూర్చొని కాలజ్ఞానం రాశారు. 1984లో ఎన్టీ రామారావు గారు సినిమా తీశారు, మా నాయన తరం వాళ్ళకు బ్రహ్మంగారంటే ఆ రూపమే.

జనం ఈయన్ని భవిష్యత్తు చెప్పిన మనిషిగా గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం ఈయన శిష్యుల కథలే ఎక్కువ ఇష్టం. ఇద్దరి గురించి చెప్తా.

ఒకరు కక్కయ్య. మాదిగ కులం. కథ ఎట్లా చెప్తారంటే, శరీరం ఒక దేవాలయం, లోపల చక్రాలున్నాయి, దేవతలున్నారు అని బ్రహ్మంగారు సిద్దయ్యకు చెప్తుంటే కక్కయ్య విన్నాడు. విని, నిజమేనా చూద్దామని ఇంటికి పోయి భార్యను చంపి, శరీరం కోసి చూశాడు. లోపల దేవతలు ఎవరూ లేరు. అప్పుడు తెలిసింది ఏం చేశాడో. ఏడుస్తూ, కోపంగా స్వామి దగ్గరికి వచ్చాడు. స్వామి అతన్ని తరిమేయలేదు. పాపిష్టివాడా అని తిట్టలేదు. అతనితో పాటు ఆ ఇంటికి నడిచి వెళ్ళారు. ఆమెను బతికించారు. కక్కయ్య శిష్యుడయ్యాడు.

ఈ కథ చిన్నప్పుడు విన్నప్పుడు మహిమ మాత్రమే కనిపించింది. ఇప్పుడు రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, ఇంతకన్నా ఘోరమైన తప్పు ఉండదు, అయినా గురువు ముందు అడిగింది 'నువ్వు ఎలాంటివాడివి' అని కాదు, 'ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, పద' అని. సాఫ్ట్‌వేర్‌లో మంచి టీముల్లో ఒక పద్ధతి ఉంటుంది. సర్వర్ పడిపోతే ముందు ఎవడి తప్పు అని అడగరు. ఏం జరిగింది, ఏం చేస్తే బాగవుతుంది అని కూర్చుంటారు. రెండోది కొంచెం ఇబ్బంది పెట్టే విషయం. కథలో ఆ భార్య ఏమనుకుందో ఎవరూ అడగరు. లేచి కూర్చున్నాక ఆమె ఏం మాట్లాడింది? మనకు తెలియదు. మనం గిల్ట్‌లో ఉన్నప్పుడు కూడా ఇదే చేస్తాం. నా పాపం, నా శాంతి, నా ప్రాయశ్చిత్తం. మనవల్ల దెబ్బ తిన్న మనిషి పక్కనే ఉంటారు, వాళ్ళ దగ్గరికి పోం. దేవుడికి కొబ్బరికాయ కొడతాం. నిజ జీవితంలో పోయినవాళ్ళు లేచి రారు, కాబట్టి బతికున్నవాళ్ళ దగ్గరికి ముందు పోవాలి.

రెండో శిష్యుడు సిద్దయ్య. ముడుమాల ఊరి దూదేకుల పిల్లవాడు. ముస్లిం కుటుంబం. ఇంట్లో వాళ్ళు ఒప్పుకోలేదు, కడప నవాబు దాకా ఫిర్యాదు పోయింది అంటారు. అయినా గురువును వదల్లేదు. ఇతని కథ మా నాయన చెప్పినట్టే చెప్తా. ఎప్పుడు చెప్పాడో తెలియాలంటే మళ్ళీ నా కథలోకి రావాలి.

ఐదో నెలలో ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు రూము తలుపు కొట్టారు. తీస్తే మా నాయన. చేతిలో సంచి, సంచిలో వేరుశనక్కాయలు, అమ్మ చేసిన ఓళిగలు. చెప్పకుండా వచ్చేశాడు. పని టైములో నేను లుంగీలో, పెరిగిన గడ్డంతో, మూసిన ల్యాప్‌టాప్ పక్కన. చూస్తూనే అర్థమైపోయింది ఆయనకు. నేను ఏడ్చేశా. అంతా చెప్పేశా, ఉద్యోగం, మొక్కు, జేజి, గోడకు తిప్పిన పటం, అన్నీ.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఇది: 'ఉద్యోగం పోతే పోయిందిలేరా, దాంట్లో నీ తప్పేముంది? మాకు ఐదు నెలలు అబద్ధం చెప్పినావే, అది బాధగా ఉంది.'

ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత స్పష్టంగా నాకు అర్థం కాలేదు. నేను సిగ్గుపడుతున్న విషయంలో నా తప్పు లేదు. నిజంగా తప్పు ఉన్న చోట నేను చూడనే లేదు. ఉద్యోగం పోవడం తప్పు కాదు. అబద్ధం తప్పు. దానికి క్షమాపణ చెప్పొచ్చు, చెప్పా కూడా. అమ్మకు ఫోన్ చేసి చెప్పా. అమ్మ మొదట తిట్టింది, తర్వాత 'అన్నం తిన్నావా' అంది.

మరి మొక్కు? మా నాయన 'పోదాం పద' అన్నాడు. నాకు ఉద్యోగం తిరిగి రావాలని కాదు. 'అది మా అమ్మ మాట. ఆ మాట మిగిలిపోయింది, అంతే' అన్నాడు. ఇద్దరమూ మైదుకూరు నుండి చీకటితో నడక మొదలుపెట్టాం. పంచె కట్టుకున్నా. ఎవరూ ఫోటో తీయలేదు. ఎవరికీ మన మీద అంత తీరిక లేదు.

దారిలో మా నాయన సిద్దయ్య కథ ఎత్తుకున్నాడు. బ్రహ్మంగారు జీవసమాధిలోకి పోయే రోజు. అందరూ ఉన్నారు, భార్య గోవిందమ్మ, పిల్లలు, శిష్యులు. అందరికన్నా ప్రియమైన సిద్దయ్య మాత్రం లేడు. ఎందుకు లేడు? గురువే పంపించాడు, బనగానపల్లెకు పోయి పూలు తీసుకురా అని. సిద్దయ్య పూలు తీసుకొని పరుగెత్తుకుంటూ వచ్చేసరికి సమాధి మూసేశారు. బండ పెట్టేశారు. ఆఖరి చూపు లేదు. సిద్దయ్య ఆ రాయి మీద పడి ఏడ్చాడు.

మా నాయన అక్కడ ఆగి, నీళ్ళు తాగి, నా వైపు చూడకుండా అన్నాడు. 'ఆయప్ప ఆలస్యంగా రాలేదు రా. పంపించినాడు కాబట్టి పోయినాడు. మీ జేజి గూడా నిన్ను రావద్దనే కదా చెప్పింది.'

నేను నడుస్తూనే ఉన్నా. కళ్ళు తుడుచుకోడానికి కూడా ఆగలేదు.

తర్వాత కథ మీకు తెలిసే ఉంటుంది. సిద్దయ్య ఏడుపు విని బ్రహ్మంగారు సమాధి నుండి బయటికొచ్చి తన పాదుకలు, దండం, కమండలం, ముద్రిక ఇచ్చారంటారు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేను చూసేది ఏంటంటే, ఈ ఊరి జనం మూడు వందల ఏళ్ళకు పైగా ఈ కథ చెప్పుకుంటూ, ఆఖరి నిమిషంలో లేని శిష్యుడి చేతికే గురువు గుర్తులన్నీ ఇచ్చారు. అతన్ని ద్రోహి అనలేదు. ముడుమాలలో అతని సమాధి ఉంది, అక్కడా మొక్కుతారు. కోవిడ్‌లో ఆఖరి చూపు దక్కని పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారో. మీలో ఎవరైనా ఉంటే, ఈ కథ మీది కూడా.

మఠానికి చేరాం. దర్శనం చేసుకున్నాం. బయట కూర్చున్నవాళ్ళకు చిత్రాన్నం, పెరుగన్నం పొట్లాలు పంచాం. జేజి పదకొండు రూపాయలు హుండీలో వేశా. పసుపు గుడ్డ మాత్రం వేయలేదు, నా పర్సులో ఉంది.

ఇప్పుడు నిజం చెప్పాలి కదా. మరుసటి వారం ఆఫర్ లెటర్ రాలేదు. ఆ మరుసటి నెలా రాలేదు. మొక్కు తీరింది కాబట్టి జీవితం మారిపోయింది అని చెప్తే వ్యూస్ వస్తాయి, కానీ అబద్ధం. మారింది ఒకటే, ఆ రాత్రి నిద్ర పట్టింది. పటం మళ్ళీ ఇటువైపు తిప్పి పెట్టా. నిద్ర పట్టిన మనిషి పని వెతుక్కోగలడు, వీడియోలు చేయగలడు.

ఇప్పుడు ఆ ప్రశ్న. మొక్కు తీర్చకపోతే దేవుడు పగబడతాడా? నా జవాబు: మొక్కు మాటకు సంబంధించింది. వీలైనప్పుడు తీర్చు, వీలు కాకపోతే నీకు చేతనైన రూపంలో తీర్చు. కానీ నీ దేవుడు బాకీ వసూలు చేసేవాడిలా మీ నాయన గుండె మీదో, నీ ఉద్యోగం మీదో పడతాడని నువ్వు నమ్ముతుంటే, నువ్వు ఎలాంటి దేవుణ్ణి పెట్టుకున్నావో ఒకసారి చూసుకో.

ఇది ఊరికే మాట కాదు. అమెరికాలో కెన్నెత్ పార్గమెంట్ అనే సైకాలజిస్ట్, ఆయన టీము 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆసుపత్రిలో చేరిన 596 మందిని, 55 ఏళ్ళు దాటిన వాళ్ళను, రెండేళ్ళు గమనించారు. దేవుడు నన్ను వదిలేశాడా, నా మీద ప్రేమ లేదా అని లోపల నలిగిపోయినవాళ్ళలో, ఆరోగ్యం లాంటి తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా, చనిపోయే అవకాశం కొంత ఎక్కువగా కనిపించింది. అదే కారణం అని తేల్చలేం, సంబంధం మాత్రమే. కానీ ఒకటి ఆలోచించండి, భక్తి ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు, ఆ భక్తిలో మీరు దేవుడితో ఎట్లా ఉన్నారన్నది కూడా ముఖ్యం.

నెలసరి గురించి రాసిన చెల్లెమ్మా, మీ నాయన గుండెనొప్పికి బీపీ, షుగర్, పొగాకు, వంశంలో జబ్బు, ఇలాంటి కారణాలు ఉంటాయి. నీ శరీరం దానికి కారణం కాదు. నెలసరి తప్పే కాదు, కాబట్టి దానికి ప్రాయశ్చిత్తం కూడా లేదు. మీ నాయనకు మందులు టైముకు ఇస్తున్నారా చూడు, అది నిజంగా పనికొచ్చే పని.

ఇంటర్ తమ్ముడూ, నువ్వు జాగ్రత్తగా విను. అక్కరలేని ఆలోచనలు దాదాపు అందరికీ వస్తాయి. పూజలో కూడా వస్తాయి. మనకు ఏది ముఖ్యమో దాని చుట్టే బుర్ర ఇట్లాంటివి తెస్తుంది. వచ్చిన ఆలోచన నీ కోరిక కాదు. కానీ దాన్ని తుడిచేయడానికి గంటలు గంటలు లెంపలేసుకోవాల్సి వస్తుంటే అది భక్తి ఎక్కువై కాదు, పాపం ఎక్కువై కాదు. ఓసీడీ అనే సమస్యలో ఇది ఒక రకం అయ్యుండొచ్చు. అన్ని మతాల్లోనూ ఉంది. క్రైస్తవుల్లో ఇగ్నేషియస్ లొయోలా అనే సెయింట్, ఒప్పుకున్న పాపాలే మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటూ నలిగిపోయానని తన జీవితకథలో చెప్పుకున్నాడు. దీనికి వైద్యం ఉంది. మాటలతో చేసే థెరపీ ఉంది, మందులు ఉన్నాయి. సైకియాట్రిస్ట్‌ను కలువు. ఇంట్లో ముందు ఎవరికి చెప్పడం సులువో వాళ్ళకు చెప్పు.

ఇందాక చివర్లో చెప్తా అన్నది. నేను లేకపోతే బాగుంటుంది అనే ఆలోచన ఎవరికైనా వస్తే, టెలిమానస్ అని ప్రభుత్వ సర్వీస్ ఉంది. నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పేరు పోతుందని భయపడొద్దు. ఆ రోజుల్లో నాకు ఈ నంబర్ తెలియదు. తెలిసుంటే మా నాయన తలుపు కొట్టేదాకా ఆగేవాణ్ణి కాదు. అందరి తలుపూ కొట్టడానికి ఒక నాయన రాడు కదా.

ఇంటికి పోయి ఒక చిన్న పని చేయండి. మిమ్మల్ని తినేస్తున్న విషయం ఒకటి కాగితం మీద రాయండి. పక్కన రెండు ప్రశ్నలు. ఇందులో నేను చేసిన పని ఏంటి? దానివల్ల ఎవరికి నొప్పి కలిగింది? రెండింటికీ జవాబు ఉంటే, ఆ మనిషి దగ్గరికి పోండి, చెప్పండి, చేతనైంది సరిచేయండి. జవాబు లేకపోతే, అంటే మీరు చేసిన పని ఏదీ కనిపించకపోతే, అది మీ తప్పు కాదు. ఎవరో మీ నెత్తిన పెట్టిన బరువు. ఒక్కరే మోయకండి, మీరు నమ్మే ఒక్క మనిషికి చెప్పండి. దాచిపెట్టినన్ని రోజులు సిగ్గు పెరుగుతూనే ఉంటుంది. ఒకరికి చెప్పాక నాది సగమైంది.

పొద్దు వాలిపోతోంది, మైదుకూరు బస్సు పట్టుకోవాలి. ఈసారి నడక లేదులెండి, మొక్కు తీరిపోయింది. మేకపిల్ల కూడా రాలేదు, గెస్ట్ హ్యాండిచ్చింది. ఈ వీడియో ఎవరికైనా అవసరం అనిపిస్తే వాళ్ళకు మాత్రం పంపండి, అన్ని గ్రూపుల్లో పడేయొద్దు. కింద మీ కథ రాయాలనిపిస్తే రాయండి, పేర్లు వద్దు. వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్త, ఉంటా.